రెండు గులాబీ సీసాలు

ఆదివారం రాతలు – 23



ఈ వారం సెంటు గురించి రాస్తానని చెప్పగానే ఇన్‌బాక్స్ నిండా నవ్వు బొమ్మలు వచ్చాయి. ఒక తమ్ముడు మాత్రం గట్టిగానే అడిగాడు: "అక్కా, భూమి గురించి, ఉద్యోగాల గురించి రాసే చోట ఈ అత్తరు గోలేంటి?"

అడగాల్సిన ప్రశ్నే. అంటరానితనం అంటే ముట్టుకోకపోవడం అని పుస్తకాల్లో చదువుకుంటాం. ఇవాళ కాలేజీల్లో, హాస్టళ్లలో, అద్దె ఇళ్ల దగ్గర "నన్ను ముట్టుకోకు" అని ఎవరూ నోటితో అనరు. అంటే కేసు అవుతుందని తెలుసు. అందుకని ముక్కు చిట్లిస్తారు. కిటికీ తీస్తారు. రూమ్ స్ప్రే కొడతారు. అడిగితే "నాకు వాసనలు పడవండీ, అలర్జీ" అంటారు. అక్కడితో సరి. సాక్ష్యం లేదు, సాక్షులు లేరు. చట్టానికి దొరక్కుండా తిరిగే అంటరానితనం ఇప్పుడు ముక్కులో కాపురం పెట్టింది. అందుకే సెంటు గురించి రాయాలి.

మా అన్నయ్య కూతురు ఈ ఏడాది విశాఖపట్నంలో డిగ్రీలో చేరింది. మా వాళ్లుండేది విజయనగరం కాబట్టి హాస్టల్లో ఉంటోంది. మేం రెల్లి వాళ్లం. మా వదిన కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. తెల్లారి నాలుగున్నరకి చీపురు పట్టుకుని రోడ్డెక్కుతుంది. మా చిన్నది అక్టోబర్‌లో ఫోన్ చేసి, "అత్తా, నాకొక సెంటు కొనిపెట్టవా? గులాబీది. గట్టిగా నిలబడేది" అంది. ఎన్నడూ ఏదీ అడగని పిల్ల. కొంటానన్నాను.

రెండు కొన్నాను. దానికి నచ్చింది అది తీసుకుంటే మిగిలింది నేను వాడుకోవచ్చని లెక్క.

మొదటిది మాల్‌లో కొన్న స్ప్రే సీసా. అట్టపెట్టె మీద విచ్చుకున్న గులాబీ బొమ్మ. 899 రూపాయలు. రెండోది వన్‌టౌన్‌లో అత్తర్లు అమ్మే ఒక సాయిబు దగ్గర కొన్న చిన్న సీసా, బలపం ముక్కంత. 250 రూపాయలు. ఇది అసలైన గులాబీయేనా అని అడిగితే ఆయన నవ్వాడు. "అసలైన రూహ్ గులాబ్ అయితే నేనీ బల్ల మీద పెట్టి అమ్మను తల్లీ. అది కొనే మనుషులు వేరు. ఇది నూనెలో కలిపిన అత్తరు. కానీ చల్లగా ఉంటుంది, తలనొప్పి రాదు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఒక్క కిలో గులాబీ నూనె తీయాలంటే మూడున్నర వేల నుంచి నాలుగు వేల కిలోల పూలు కావాలి. ఎండెక్కితే నూనె ఆవిరైపోతుంది కాబట్టి పొద్దు పొడవకముందే కోయాలి. బల్గేరియాలో కజాన్‌లాక్ లోయలోనూ, టర్కీలో ఇస్పార్టా దగ్గరా, మన ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్‌కి పూలు పంపే ఊళ్లలోనూ ఆ చీకట్లో ముళ్ల మధ్య చేతులు పెట్టేది కూలీలే. కన్నౌజ్‌లో రాగి డేగ్‌లలో పూలూ నీళ్లూ పోసి, కింద కట్టెల మంట పెట్టి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించేవాళ్లు. గంధం ధర ఆకాశానికి ఎక్కాక చాలాచోట్ల లిక్విడ్ పారఫిన్ లాంటి చవక నూనెల్లోకి దించుతున్నారు. గులాబీ అత్తరు ఎలా పుట్టిందో చెబుతూ జహంగీర్ తన జ్ఞాపకాల్లో ఆ ఘనత నూర్జహాన్ తల్లికి ఇచ్చాడు. పూలు కోసినవాళ్ల పేర్లు ఏ చక్రవర్తీ రాసుకోలేదు.

నవంబర్‌లో రెండు రోజులు సెలవు దొరికితే మా చిన్నది "అరకు వెళ్దాం అత్తా, మా ఫ్రెండ్ వాళ్లింటికి" అంది. సీసాలు రెండూ సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఆ ఫ్రెండ్‌ది డుంబ్రిగూడ మండలంలో ఒక ఊరు. కొండదొర పిల్ల. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బయట తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. వలిసె పూల కాలం కావడంతో చేలన్నీ పచ్చగా, పసుపు గుడ్డ పరిచినట్టున్నాయి. రోడ్డు పక్కన కార్లు ఆపి జనం చేలల్లోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ పూల నుంచి వచ్చే గింజలతోనే ఈ ఊళ్లలో నూనె ఆడతారు.

వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని సీసాలు రెండూ బయటికి తీశాను. ఇద్దరు పిల్లలూ చెరొక ముంజేయి చాపారు. కుడి చేతికి స్ప్రే, ఎడమ చేతికి అత్తరు.

స్ప్రే మొదట ఘాటుగా తగిలింది. స్పిరిటు, నిమ్మ తొక్క, ఆ వెనకాల గులాబీ. పది నిమిషాలకి స్పిరిటు పోయి గులాబీ పైకొచ్చింది, అరుగు దాటి వాకిట్లో కోళ్లు తిరిగే చోటి దాకా. కొత్త సబ్బు కాగితం విప్పినట్టుంది. అత్తరు అలా కాదు. మొదట నూనె వాసనే. ఏమీ లేదేమో అనుకుని వదిలేసే మనిషికి అది దొరకదు. కాసేపటికి ఒంటి వేడికి మెల్లగా లేచింది. తేనెలాగా కొంచెం, పచ్చి ఆకులాగా కొంచెం. చేయి ముక్కు దగ్గర పెట్టుకుంటేనే తెలుస్తుంది. పక్కన కూర్చున్న మనిషికి తెలియదు.

కొండ మీద చలికి సెంట్లు మెల్లగా ఆవిరవుతాయి. ఉక్కపోత విశాఖలో గంటకి తేలేది ఇక్కడ రెండు మూడు గంటలకి గానీ తేలలేదు. మధ్యాహ్నం అన్నాలు తిని చేతులు కడుక్కున్నాక కూడా స్ప్రే ఉంది, కానీ గులాబీ పోయి పీచు మిఠాయి తీపి మిగిలింది. అత్తరు ఇంకా గులాబీగానే ఉంది, పుస్తకంలో పెట్టి మరిచిపోయిన రేకులా.

ఆ పిల్ల తల్లి పొయ్యి దగ్గర నుంచి వచ్చి రెండు చేతులూ వాసన చూసింది. నావైపు తిరిగి, "బాగున్నాయి వదినా. గానీ ఇది పూసుకుని కొండకెల్తే తేనెటీగలు ఊరుకుంటాయేటి?" అంది. అందరం నవ్వాం. మా మధ్య కూర్చుని ఆ సీసాల గురించి ఏ బరువూ లేకుండా మాట్లాడింది ఆవిడ ఒక్కతే.

"ఏది కావాలే?" అని మా చిన్నదాన్ని అడిగాను. "స్ప్రే" అంది తడుముకోకుండా. కానీ ఇందాకట్నుంచి అది మాటిమాటికీ వాసన చూసుకుంటున్నది ఎడమ చేయి. అదే అడిగాను. "అత్తరు బాగుంది అత్తా. కానీ అది నాకే తెలుస్తుంది. వాళ్లకి తెలియదు కదా" అంది.

"వాళ్లు" ఎవరో అప్పుడు చెప్పారు ఇద్దరూ.

జులైలో హాస్టల్లో చేరినప్పుడు మా చిన్నదాన్ని నలుగురున్న గదిలో వేశారు. జులై బాగానే గడిచింది. ఆగస్టు బాగానే గడిచింది. ఒకరి చున్నీలు ఒకరు వేసుకున్నారు, ఒకే దువ్వెన వాడారు, రాత్రిళ్లు ఒకే మంచం మీద పడుకుని సినిమాలు చూశారు. సెప్టెంబర్‌లో స్కాలర్‌షిప్ కోసం కాగితాలు సర్దుకుంటూ కుల ధ్రువీకరణ పత్రం బల్ల మీద పెట్టింది. రెండు రోజుల తర్వాత గదిలో "ఏదో వాసన" మొదలైంది. ముందు దాని చెప్పులకి. తర్వాత బ్యాగుకి. తర్వాత దుప్పటికి. ఇది గదిలోకి రాగానే ఒకమ్మాయి లేచి రూమ్ స్ప్రే కొట్టేది. మిగతా ఇద్దరూ ఏమీ అనేవాళ్లు కాదు, కిటికీ తీసేవాళ్లు.

అదే హాస్టల్లో ఇంకో గదిలో ఈ కొండదొర పిల్ల. సెలవులకి ఇంటికెళ్లి వచ్చినప్పుడల్లా "పొగ కంపు" అని దాని మంచం తలుపు దగ్గరికి జరిపారు.

రెండు ఫిర్యాదులూ హాస్టల్ పెద్దల దగ్గరికి చేరాయి. ఫిర్యాదు చేసింది వీళ్లు కాదు, వాళ్లు. పెద్దలు చాలా శాంతంగా, ఎవరినీ ఒక్క మాట అనకుండా, సమస్య పరిష్కరించారు. వీళ్లిద్దర్నీ తీసుకెళ్లి చివరి గదిలో పెట్టారు.

మా పిల్లలిద్దరూ స్నేహితులయ్యింది అలాగ.

ఇక్కడ ఆగి ఒక్క సంగతి చూడండి మిత్రులారా. జులైలో లేని వాసన సెప్టెంబర్‌లో ఎక్కడి నుంచి వచ్చింది? పిల్ల మారలేదు. సబ్బు మారలేదు. బట్టలు మారలేదు. మారింది ఒక్కటే: బల్ల మీద ఒక కాగితం కనబడింది. ముక్కు కంటే ముందు కన్ను చదివింది. ఆ తర్వాతే ముక్కుకి వాసన తగిలింది.

ఇది నా కోపంలోంచి వచ్చిన మాట అనుకుంటారేమో. 2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషులకి ఐసోవలెరిక్ ఆసిడ్ వాసన చూపించారు. జున్నులోనూ, చెమటలోనూ ఉండే వాసన అది. ఒకసారి తెర మీద "చెడ్డార్ జున్ను" అని రాసి చూపించారు, ఇంకోసారి "ఒంటి వాసన" అని రాసి చూపించారు. వాసన ఒక్కటే. జున్ను అన్నప్పుడు బాగుందన్నవాళ్లే ఒంటి వాసన అన్నప్పుడు బాగోలేదన్నారు. మెదడు స్కాన్‌లో కూడా ఆ తేడా కనబడింది. అంటే వాళ్లు అబద్ధం ఆడటం లేదు, నిజంగానే వాళ్లకి అలా తగిలింది. రాసిన పేరు ముక్కులోకి వెళ్లింది.

మన దేశంలో ఆ పేరు పుట్టగానే రాస్తారు. హాస్టల్లో ఆ అమ్మాయికి నిజంగానే వాసన వచ్చి ఉండొచ్చు. అదే అసలు భయంకరమైన విషయం. కులం మనిషి ముక్కుకి ఇంత బాగా చదువు చెప్పగలదు.

మా అమ్మమ్మ కథ చెప్పాలి ఇక్కడ. మా రెల్లి వాళ్లకి రెండు పనులు. ఒకటి ఊరి చెత్త ఎత్తడం. రెండోది పళ్లు అమ్మడం. మా అమ్మమ్మ అనంతగిరి కొండల నుంచి దిగే పనసపళ్లు, సీతాఫలాలు కొని గంపలో పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. పెద్దింటి అమ్మలు గుమ్మంలోకి వచ్చి, ఆవిడ చేతిలోంచి పండు తీసుకుని, ముక్కుకి ఆనించుకుని వాసన చూసి బేరమాడేవాళ్లు. ఆ చేతుల్లో అప్పుడు ఏ కంపూ లేదు. అదే వీధిలో పొద్దున చీపురు పట్టుకుని వెళ్లిన మా అమ్మ మంచినీళ్లు అడిగితే మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పైనుంచి పోసేవాళ్లు. తల్లీ కూతుళ్లు, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే సబ్బు ముక్క. మరి వాసన ఎవరిది?

నిజమే, చెత్తకి వాసన ఉంటుంది. లేదని నేను అనను. మా అమ్మ పని నుంచి రాగానే పెరట్లో స్నానం చేసి, పని చీర వేరే బకెట్లో నానబెట్టి, పౌడరు రాసుకుని గానీ మమ్మల్ని దగ్గరికి తీసుకునేది కాదు. కానీ ఆ చెత్త ఎవరిది? ఊరు తన కంపుని వీధి చివర పారేసింది. దాన్ని ఎత్తి, మోసి, ఊరిని శుభ్రం చేసినవాళ్ల ఒంటికి ఆ కంపుని రాసిపెట్టింది. కంపు చేసినవాళ్లు పరిమళం అయ్యారు.

దీని చివరి మెట్టు మ్యాన్‌హోల్. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. గాలిలో దాని పాళ్లు పెరిగితే ముక్కులో వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. లోపల దిగిన మనిషి వాసన తగ్గిందనుకుంటాడు. ఆ తర్వాత పడిపోతాడు. మనుషుల చేత ఈ పని చేయించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. బెజవాడ విల్సన్ గారి సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగులో చనిపోయిన వాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో ఇంకో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. చావులు ఆగలేదు.

మళ్లీ మన మాటల దగ్గరికి వద్దాం. తెలుగులో "వాసన" అంటే మంచీ కాదు, చెడూ కాదు, రెండూ. అందుకే సువాసన, దుర్వాసన అని ముందొక మాట తగిలిస్తాం. కానీ ఒక మనిషి దగ్గర నిలబడి "వాసనొస్తోంది" అంటే చాలు, ఏ వాసనో వేరే చెప్పక్కర్లేదు. వేదాంతులు ఇంకో అడుగు ముందుకేశారు. "పూర్వజన్మ వాసనలు" అన్నారు. పోయిన జన్మ నుంచి మనిషికి అంటుకుని వచ్చేవట. పుట్టుకని, వాసనని ఒకే మాటలో కట్టేసిన భాష మనది. "చదువు వాసన లేనివాడు" అని తిట్టేదీ ఈ భాషే. చదువుని మా ముక్కుకి తగలనివ్వకుండా వెయ్యేళ్లు తలుపులేసి, ఆ తర్వాత వాసన లేదన్నారు. ఇప్పుడు మా పిల్లలు చదువు దగ్గరికి వస్తే వీళ్లకి వాసనొస్తోందంటున్నారు!

తర్కశాస్త్రంలో గంధం భూమి గుణం అని చెప్తారు. నీటికి, నిప్పుకి, గాలికి సొంత వాసన లేదట, భూమికే ఉందట. సరే, ఒప్పుకుందాం. మరి ఆ భూమి ఎవరి దగ్గర ఉంది? ఈ కొండల్లోనే, బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద పోరాడి ఆదివాసీలు 1997లో సమత తీర్పు సాధించుకున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రభుత్వం కూడా ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. భూమి కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచిన వాళ్ల పిల్లలకి హాస్టల్లో తలుపు పక్కన మంచం.

ఆ "పొగ కంపు" సంగతి కూడా చూడండి. అరకులో దారి పొడవునా బొంగు చికెన్ బళ్లు. వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాలుస్తుంటే ఆ పొగకి కార్లు ఆపుకుని లైన్లో నిలబడతారు. ప్లేటులో ఉంటే అది "ట్రైబల్ ఫ్లేవర్". ఆ పొగే ఆ పిల్ల జుట్టులో ఉంటే కంపు. వలిసె పువ్వు ఫొటోలో ఉంటే అందం, వలిసె నూనె తలలో ఉంటే జిడ్డు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ కొండ వాసన ఏ గింజలో ఉందో సర్టిఫికెట్టు ఇచ్చారు. మంచిదే, అది ఆ రైతులకి దక్కాల్సిన పేరే. కానీ గింజకి కొండ వాసన ఉంటే ధర పెరుగుతుంది, గింజ కోసిన మనిషికి కొండ వాసన ఉంటే గది మారుస్తారు.

నేను దళిత స్త్రీని. ఆదివాసీ బాధని ఆదివాసీలే చెప్పుకుంటారు, వాళ్ల తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. మా మీద వేసే కంపు నింద వేరు, వాళ్ల మీద వేసేది వేరు. మమ్మల్ని మలినం అంటారు, వాళ్లని అడవి అంటారు. కానీ ఆ హాస్టల్లో రెండు నిందలకీ ఒకటే గది దొరికింది. ఆ గదిలోంచి పుట్టిన స్నేహం గురించి మాత్రం మాట్లాడతాను.

మళ్లీ గులాబీ. ఆ అరుగు మీద పిల్లలకి నేను చెప్పిన కథ ఇది. గులాబీ వాసన గులాబీది మాత్రమే కాదు. పామారోజా అనే గడ్డి ఉంది. మన దేశపు గడ్డే, నిమ్మగడ్డికి చుట్టం. దాని నూనెలో ముప్పావు వంతుకు పైగా జెరానియాల్ ఉంటుంది. గులాబీ నూనెలోనూ ఉండే పదార్థమే అది. 19వ శతాబ్దంలో ఖాందేశ్, నిమార్ కొండల్లో ఆ గడ్డిని కోసి, వాగుల పక్కన బట్టీలు పెట్టి నూనె తీసేవాళ్లు. బొంబాయి నుంచి అది ఓడల్లో ఎర్ర సముద్రపు రేవుల మీదుగా టర్కీ చేరేది. అక్కడి నుంచి బల్గేరియాకి. దాన్ని అక్కడి గులాబీ నూనెలో కలిపేవాళ్లు. ఆ కల్తీ నూనె యూరప్ దొరసానుల మెడ మీదికి అసలు గులాబీ పేరుతో ఎక్కేది. కొండల్లో కోసిన గడ్డి వాసన అని ఆ దొరసానులకేం తెలుసు? సీసా మీద గులాబీ అని రాసి ఉంది, వాళ్ల ముక్కుకి గులాబీ తగిలింది.

అప్పుడు గడ్డి గులాబీ అయింది. ఇప్పుడు పిల్లలు కంపు అయ్యారు. రెండుసార్లూ ముక్కు చదివింది చీటీనే.

ఇంకొకటి. మాల్ స్ప్రేలోనూ, చవక సబ్బులోనూ గులాబీ అని అమ్మే వాసనలో పెద్ద పాలు ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే పదార్థానిది. ఫ్యాక్టరీలో తయారవుతుంది. అసలు గులాబీలో కూడా అదే ఉంది, కానీ పూలని కాచినప్పుడు అది చాలావరకు నూనెలోకి రాకుండా నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లే పన్నీరు. మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర వెండి బుడ్డితో చల్లేది అదే. ఏది అసలు, ఏది కల్తీ, ఏది ఉత్తమం, ఏది నీచం అనేది పువ్వుకి తెలియదు, రసాయనానికీ తెలియదు. పన్నీరు ఎవరి మీద చల్లాలో, ఎవర్ని గుమ్మం అవతలే నిలబెట్టాలో బుడ్డి పట్టుకున్న చేతికి మాత్రం బాగా తెలుసు.

కాబట్టి మా చిన్నదానితో అన్నాను: "స్ప్రే తీసుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక్కటి తెలుసుకో. సీసా మొత్తం ఒంటి మీద కుమ్మరించుకుని వెళ్లినా ఆ గదిలో వాళ్లకి వాసనొస్తుంది. రేపు 'ఈ సెంటు వాసన భరించలేకపోతున్నాం' అంటారు. వాళ్ల ముక్కుని బాగుచేసే సెంటు ఎక్కడా అమ్మరు. నీకేది ఇష్టమో అది చెప్పు."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొండదొర పిల్ల మాత్రం స్ప్రే సీసా చేతిలోకి తీసుకుని, "అయితే ఇది నాకివ్వండి అత్తా. నాకు నిజంగానే ఇది నచ్చింది. నేను కారిడార్‌లోకి వస్తున్నానని మూడు గదుల ముందే తెలియాలి వాళ్లకి" అంది. దాచుకోవడానికి కాదు, వస్తున్నానని చెప్పడానికి. ఆ సీసానే, ఆ వాసనే. ఒకరి చేతిలో ముసుగు, ఇంకొకరి చేతిలో డప్పు! నేను రెండు గంటలుగా చెప్తున్నదానికంటే అదే నాకు బాగా అనిపించింది.

మా చిన్నది అత్తరు తీసుకుంది. "ఇది నా కోసం" అంది. నాకు ఏ సీసా మిగల్లేదు, మంచిదే.

మన పిల్లలకి ఏదైనా కొనిచ్చేటప్పుడు మనం చెప్పే మాట ఒకటుంది: "నలుగురిలో నీట్‌గా ఉండాలమ్మా, ఎవరూ వేలెత్తి చూపించకూడదు." మా అమ్మ మాకు చెప్పింది. మీ అమ్మలు మీకు చెప్పి ఉంటారు. ప్రేమతోనే చెప్తారు. చొక్కా ఇస్త్రీ, బూట్ల మెరుపు, పౌడరు, సెంటు, అన్నీ వేలెత్తకుండా ఆపడానికి కట్టే గోడలు. బాబాసాహెబ్ సూటు కూడా గుర్తుకొస్తుంది కదా. మనువు రాసిన పుస్తకం చండాలుడికి శవం మీది బట్టలు, ఇనుప నగలు వేసుకోమని నిర్ణయించింది. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో తగలబెట్టిన మనిషి తనకి ఏది తగునో తనే నిర్ణయించుకున్నాడు. అందుకే మంచి బట్ట, మంచి వాసన మనకి విలాసం కాదు. కానీ వాటిని భయంతో వేసుకుంటే అవి కూడా వాళ్లిచ్చిన యూనిఫామే అవుతాయి. ఇష్టంతో వేసుకుంటే మనవి.

ఇప్పుడు హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి కొన్ని పనికొచ్చే మాటలు.

ఒకటి. గది మార్చడం చిన్న విషయం కాదు. 2012 యూజీసీ ఈక్విటీ నిబంధనల ప్రకారం కులం పేరుతో విద్యార్థుల్ని వేరు చేయడం, హాస్టల్లో విడిగా పెట్టడం వివక్ష కిందికే వస్తుంది. ప్రతి కాలేజీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలి, వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరో రేపే అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ మాటే రాసి ఇవ్వండి.

రెండు. వాసనకి సాక్ష్యం ఉండదు, కానీ తేదీకి ఉంటుంది. ఏ రోజు ఏమన్నారు, ఎవరు ఉన్నారు, ఏ రోజు గది మార్చారు, నోటితో చెప్పారా, కాగితం ఇచ్చారా, అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. మా పిల్లలిద్దరి చేతా అరుగు మీద కూర్చోబెట్టి జులై నుంచి నవంబర్ దాకా రాయించాను. జులైలో ఒకే దువ్వెన, సెప్టెంబర్‌లో కాగితం, రెండు రోజులకి వాసన. వరసగా రాసేసరికి ఆ పేజీయే సాక్ష్యంలా నిలబడింది. నలుగురి ముందు కులం పేరుతో అవమానిస్తే 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, మరచిపోవద్దు.

మూడు. ఒంటరిగా ఉండొద్దు. 2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు ఆరుబయట గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఐదుగురిలో రోహిత్‌ని మనం పోగొట్టుకున్నాం. మిమ్మల్ని చివరి గదిలోకి తోస్తే ఆ గదిలో ఇంకెవరున్నారో చూడండి. వాళ్లతో కలిసి ఫిర్యాదు రాయండి. మన పిల్లలు ఇద్దరూ సంతకాలు పెట్టి ఒకే కాగితం ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు. వచ్చాక రాస్తాను.

నాలుగు. మీకు ఇష్టమైన సెంటు పూసుకోండి. ఇష్టం లేకపోతే మానేయండి.

వచ్చే ఆదివారం మెస్ ప్లేట్ల గురించి. మీ హాస్టల్ అనుభవాలు కామెంట్లో కాదు, ఇన్‌బాక్స్‌లో పంపండి. పేర్లు బయటపెట్టను.

జై భీమ్.